మధ్య కుర్చీ

క్లిఫర్డ్ కుడిచెవి పోయి ఆర్నెల్లు కావస్తోంది. ఆ సంగతి డాక్టరుకు తెలుసు, క్లిఫర్డ్‌కు తెలుసు. మూడో మనిషికి తెలియదు. ఆకులు రాలే రోజుల్లో పట్టుకున్న జలుబుతో పోయింది. ఓ పొద్దున ఫోను కుడిచెవికి ఆనిస్తే అవతల ఎవరూ లేరు, ఎడమకు మారిస్తే చెల్లెలు అప్పటికే తిట్ల మధ్యలో ఉంది. ఆలస్యంగా వచ్చారు, వినికిడి ఇక తిరిగి రాదు అన్నారు ఆస్పత్రిలో.

ఇంకొకరైతే నలుగురికీ చెప్పుకుని భారం దించుకునేవారు. క్లిఫర్డ్ ఎలా చెబుతాడు? ఇంగ్లండులోని హాలిఫాక్స్‌లో వాళ్ళ పాటల క్లబ్బు నడిచేదే ఆయన చెవుల మీద. క్లబ్బంటే పెద్ద పటాలమేం కాదు, పోయినవాళ్ళు పోగా మిగిలింది నలుగురు. నెలకో ఆదివారం మధ్యాహ్నం క్లిఫర్డ్ ఇంటి ముందుగదిలో చేరతారు. గదికి నాలుగు మూలలా నాలుగు స్పీకర్లు. పాటను మామూలుగా రెండు స్పీకర్ల కోసమే రికార్డు చేస్తారు కదా, దాన్ని విడదీసి వెనక స్పీకర్లకు కూడా పంచిపెట్టే పెట్టెను డీకోడరంటారు. ఏ డీకోడరు బాగా పంచుతుందో తేల్చడమే వాళ్ళకున్న పిచ్చి.

స్పీకర్లన్నిటికీ సరిగ్గా నడిమధ్య ఒక కుర్చీ ఉంటుంది. అందరిలోకీ గొప్ప చెవులున్నవాడిదే ఆ కుర్చీ. అందులో కూర్చున్నవాడు ముందు చెప్పాలి, మిగతావాళ్ళు తలాడించాలి. అది ఏళ్ళ తరబడి క్లిఫర్డ్‌దే. భార్య పోయాక ఆ కుర్చీ తప్ప ఆయనకు ఈ లోకంలో వేరే గౌరవమంటూ మిగల్లేదు. దాన్ని వదులుకోవడం చేతకాలేదు. అంతే, వేరే కారణం వెతకనక్కర్లేదు.

బెర్నార్డ్ ఆయనకు బడినాటి స్నేహితుడు. ఉన్ని మిల్లులో కరెంటు పని చేసి రిటైరయ్యాక సొంతంగా ఓ డీకోడరు కట్టాడు. చలికాలమంతా దాన్ని చంకన పెట్టుకుని వారం వారం వచ్చేవాడు. క్లిఫర్డ్ మధ్య కుర్చీలో కళ్ళు మూసుకుని, "కుడి వెనక చాల్లేదు, ఇంకాస్త పెంచు" అనేవాడు. బెర్నార్డ్ మూత విప్పి, స్క్రూ తిప్పి పెంచేవాడు. మళ్ళీ వారం మళ్ళీ అదే మాట. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టని సామెత ఊరికే పుట్టలేదు. కాకపోతే ఇక్కడ ఊదేవాడికి ఆ సంగతి తెలియదు పాపం.

మార్చిలో లీడ్స్‌లో ఇలాంటి పెట్టెల ప్రదర్శన. క్లబ్బు తరఫున ఒకే డీకోడరు పెట్టాలి. బెర్నార్డ్‌దే వెళుతుందని అందరూ అనుకుంటుండగా, బ్యాంకులో పనిచేసి దిగిపోయిన ట్రెవర్ కొట్టులోంచి కొత్తది కొనుక్కొచ్చాడు. పోటీ పెట్టక తప్పలేదు. చర్చిలో పాటగాళ్ళకు నేర్పే మారీన్ రెండు పెట్టెల మీదా దుప్పటి కప్పి, ఏది ఎప్పుడు మోగించేదీ తన కడుపులోనే దాచుకుంది. చర్చిలో పాడిన పాటనే రెండుసార్లు వినిపించింది.

క్లిఫర్డ్‌కు రెండూ ఒక్కలాగే వినిపించాయి. మొదటిదాంట్లో మాత్రం గుంయ్‌మని సన్నటి రొద ఉంది, చలికాలమంతా విన్న రొదే. అది బెర్నార్డ్ పెట్టె. స్నేహితుణ్ణి గెలిపించినట్టూ ఉంటుంది, తన గుట్టూ దాగుతుంది అనుకున్నాడు. "మొదటిది. చర్చి మొత్తం చుట్టూ లేచి నిలబడింది" అన్నాడు.

ఎవరూ తలాడించలేదు. ట్రెవర్ టీకప్పు కింద పెట్టి, కుర్చీ మీద గౌరవం కొద్దీ కాస్త నసిగి, మొదటిదాంట్లో పాటగాళ్ళందరూ కుడివైపు కిటికీ దగ్గర కుప్పపడ్డారని చెప్పాడు. మారీన్ కూడా అదే మాటంది. బెర్నార్డ్ నేలచూపులు చూస్తూ తనకూ అలాగే ఉందన్నాడు. అది తన పెట్టేనని అతనికి అనుమానం తగిలినట్టే ఉంది. మారీన్ దుప్పటి తీసింది.

బెర్నార్డ్ ముఖం చూడలేకపోయాడు క్లిఫర్డ్. చలికాలమంతా తను పెంచు పెంచు అన్నదాని ఫలితం అప్పుడు అర్థమైంది. స్నేహితుడి చేతిపనిని తనే ఓ పక్కకు వంచేశాడు. కుర్చీ కోసం చేసిన పని ఇది.

ట్రెవర్, మారీన్ వెళ్ళాక బెర్నార్డ్ తీగలు ఊడదీశాడు. దీన్ని విప్పేస్తా, చెక్క పిట్టగూటికి పనికొస్తుంది అన్నాడు. నడవలో కోటు తొడుక్కుంటుంటే క్లిఫర్డ్ అడ్డం వెళ్ళాడు.

"తప్పు నీ పెట్టెది కాదురా. నాకు కుడిచెవి వినపడదు. ఆర్నెల్లయింది."

కోటు ఒక చేతికే ఎక్కి ఆగిపోయింది. బెర్నార్డ్ కోపం లేకుండానే అన్నాడు.

"కుడివైపుకి ఒరుగుతోందని నాకెప్పుడో తెలుసు. ఇంట్లో రోజూ వినిపించేది. క్లిఫర్డ్ చెప్పాక ఇక తిరుగేముంది, చెడింది నా చెవులేమో అనుకున్నా. పరీక్ష కూడా చేయించుకున్నా. బ్రహ్మాండంగా ఉన్నాయన్నారు. అయినా నీ మాటే నమ్మానురా."

"స్క్రూలు వెనక్కి తిప్పుదాం. ఇంకా టైముంది కదా."

"తిప్పడం ఎంతసేపు? నా చెవుల్ని నమ్మడం మానేశాను. ఇప్పుడు నువ్వు కూడా లేవు. ఎవర్ని నమ్మి తిప్పమంటావు?"

క్లిఫర్డ్ అడ్డం తప్పుకున్నాడు.

బెర్నార్డ్ పెట్టె ఎత్తుకున్నాడు. గుమ్మం దగ్గర ఆగి, "నాకు చెప్పుంటే ఆ కుర్చీ నీకే ఉంచి, పక్కన కూర్చుని కుడివైపు ఏముందో నీ చెవిలో చెప్పేవాణ్ణి కదరా" అన్నాడు. తలుపు మెల్లగా వేసుకుని వానలోకి వెళ్ళిపోయాడు.

క్లిఫర్డ్ ఆ నడవలోనే గోడకు ఆనుకుని ఏడ్చాడు. బయట కారు కదిలిన చప్పుడైతే వినిపించింది గానీ, అది వీధిలో ఏ వైపుకి పోయిందో మిగిలిన ఆ ఒక్క చెవితో తెలుసుకోలేకపోయాడు.