పదకొండు గంటల కుదుపు

నేను ఒక సేఫ్టీ బెల్టును. చచ్చిపోయి నాలుగేళ్లయింది. నమ్మరు కదూ? నన్ను తొడుక్కున్నవాళ్లూ నమ్మలేదు లెండి. చచ్చినదాన్ని భుజాలకు తగిలించుకుని నూట ఎనభై మీటర్లు పైకెక్కారు.

బెల్టంటే ప్యాంటుకు పెట్టుకునేది అనుకునేరు. నాకు రెండు భుజాల మీదుగా, ఛాతీకి అడ్డంగా, రెండు తొడల చుట్టూ పట్టీలుంటాయి. వీపు మీద ఇనుప రింగు, రింగుకు తాడు, తాడు చివర కొక్కెం. కొక్కేన్ని పైన గట్టి చోట తగిలించి మనిషి తన పని తాను చేసుకుంటాడు. కాలు జారితే మిగతా సంగతి నేను చూసుకోవాలి. అదే నా ఉద్యోగం. అదీ జన్మకు ఒక్కసారే.

ఆ ఒక్కసారి సంగతి నాకు పుట్టినచోటే తెలిసింది. నాతోపాటు కుట్టినవాటిలోంచి ఒకదాన్ని తీసి, ఇసుక నింపిన బొమ్మకు తొడిగి, ఎత్తు నుంచి వదిలారు. బొమ్మ నేలకు తగలకుండా గాల్లోనే ఆగింది. చూస్తున్నవాళ్లంతా తెగ సంతోషించారు. ఆ వెంటనే ఆ బెల్టును కత్తెరతో ముక్కలు చేసి చెత్తలో పారేశారు. బాగా పనిచేసినందుకు ఇదా బహుమానం, ఇదెక్కడి అన్యాయం అని నాకు ఒళ్లు మండింది. బుద్ధి లేనిదాన్ని.

నేను చేరినది సముద్రం పక్కనున్న ఒక కరెంటు ఫ్యాక్టరీకి. అక్కడి పొగగొట్టానికి ఎరుపూ తెలుపూ పట్టెలుగా రంగు వేసే ముఠాలో అప్పలసూరి అనే మనిషికి నన్ను ఇచ్చారు. పాలకొండ వైపువాడు. కింద ఉన్నంతసేపూ నోరు మూతపడదు, పైకెక్కితే ఉలకడు పలకడు. ఏడాదిపాటు అతని చెమట తప్ప నేను మోసిందేమీ లేదు.

ఒకనాడు సరిగ్గా పదకొండు గంటలకు అతని కాలి కింద చెక్క పక్కకు జరిగింది. ఒకటే కుదుపు. మనిషి బరువంతా నా కుట్లలోకి దిగింది. వీపు మీది మడత పటపటా విచ్చుకుని, లోపల దాచి కుట్టిన ఎర్ర చీటీ బయటపడింది. ఈ బెల్టు ఒకసారి మనిషిని ఆపింది, ఇక వాడొద్దు అని దాని అర్థం. పైగా ఇనుప అంచుకు ఒరుసుకుని వీపు పట్టీ సగం తెగింది. అయినా వదల్లేదు. పైనున్నవాళ్లు లాగేదాకా అప్పలసూరి పది నిమిషాలు గాల్లో వేలాడాడు. ఆ పది నిమిషాలూ పెళ్లాం పేరు తప్ప ఇంకో మాట అనలేదు. అతను బతికాడు. నేను పోయాను.

సేఫ్టీ ఆఫీసరు పుస్తకంలో రాసుకుని, నన్ను కోసి ముక్కలు చూపించమని స్టోరుకీపరు బైరాగినాయుడికి చెప్పి వెళ్లాడు. బైరాగినాయుడు కత్తెర తీశాడు. అప్పలసూరి వచ్చి అడ్డం నిలబడ్డాడు. అతని భుజాల మీద నా పట్టీల వాతలు ఇంకా కమిలే ఉన్నాయి.

"ఇది నా పేణం నిలిపిన తల్లి, నాయుడు బావూ. తల్లి మీద కత్తెర ఎడతావేటి?"

బైరాగినాయుడి చెయ్యి ఆగిపోయింది. పాపం, మంచివాడు. నాకు అన్ని చిక్కులూ మంచివాళ్లతోనే వచ్చాయి. ఎలకలు కొట్టిన పాత బెల్టు ఒకటి కోసి ఆఫీసరుకు ఆ ముక్కలు చూపించాడు. అప్పలసూరి దబ్బనమూ నైలాను దారమూ తెచ్చుకుని, ఎర్ర చీటీని లోపలికి నెట్టి, మడతను ముడిచి, తెగిన పట్టీని ఎంతో ప్రేమగా కుట్టాడు. దసరా ఆయుధపూజకు నాకు పసుపు పూసి, ఆ కుట్టు మీద కుంకుమ మెత్తారు. స్టోరులో పైడితల్లి అమ్మవారి పటం కింద మేకుకు తగిలించారు.

అప్పుడు మొదలైంది ఆ కుదుపు. స్టోరు తలుపులు వేసి ఉన్నా, గాలి ఆడకపోయినా, ఉదయం పదకొండు కాగానే నా ఒళ్లు ఒక్కసారి కిందికి గుంజుకునేది. మేకు కిర్రుమనేది. ఎవరో కనబడని మనిషి నాలో వేలాడుతున్నట్టు పట్టీలు బిగుసుకునేవి. చచ్చినదాన్నిరా నాయనా, నన్ను ముట్టుకోకండి అని చెప్పడానికి నాకున్న నోరు అదొక్కటే. బైరాగినాయుడు అది చూసి బెదిరి, అమ్మవారు ఊగుతోందని కర్పూరం వెలిగించాడు. ఇక చూడండి నా వైభోగం! పైకెళ్లే ప్రతివాడూ నన్ను తాకి కళ్లకద్దుకునేవాడు. గాలి జోరుగా ఉన్న రోజు నన్ను తొడుక్కోవడానికి పోటీ పడేవారు. పైన పదకొండుకు కుదుపు తగిలితే అమ్మ పలికిందని మురిసేవారు. ఎవరూ జారలేదు గనక నా మహిమ మరింత పెరిగింది. నాకు మాత్రం రోజూ గుండె దడే.

ఆ ఎండాకాలం అప్పలసూరి బావమరిది కూర్మయ్య పనిలో చేరాడు. జాగ్రత్త గల మనిషి. చెక్క మీద కాలు పెట్టేముందు రెండుసార్లు తొక్కి చూసేవాడు. తనకిచ్చిన కొత్త బెల్టును కుట్టు కుట్టూ వేలితో తడిమి చూసుకుని మరీ తొడుక్కున్నాడు. అప్పలసూరి అది విప్పించాడు.

"కొత్తదానికి ఏటి తెల్సురా కూర్మా? ఇది సూసిన బెల్టు."

కూర్మయ్య నా కుట్టు మీద వేలు పెట్టాడు. కుంకుమ కింద దారం ఎత్తుగా తగిలింది. వేలు అక్కడే ఆగింది. ఇంకొంచెం గోకు, ఎర్ర చీటీ కనబడుతుంది, గోకరా అని లోలోపల మొత్తుకున్నాను. అతను బావ ముఖం చూశాడు. కాదంటే చిన్నబుచ్చుకుంటాడనిపించిందేమో, నవ్వి తొడుక్కున్నాడు. బావమీది గౌరవం కొద్దీ తొడుక్కున్నాడు, అంతే.

పైన ఎండ తెల్లగా కాస్తోంది. సముద్రం చప్పుడు అంత ఎత్తుకు వినబడదు. ఛాతీ పట్టీ కింద కూర్మయ్య గుండె నింపాదిగా కొట్టుకుంటోంది. పదకొండు కావస్తోంది. ఇవాళ వద్దు, ఇవాళ కదలకూడదు అని నా పోగులన్నీ బిగబట్టుకున్నాను. కుదుపు ఆగుతుందా? వచ్చింది. అప్పుడే కూర్మయ్య చెక్క అంచు మీద బ్రష్షుతో ముందుకు వంగి ఉన్నాడు. ఆ కుదుపుకు అతను జారాడో, అతను జారినందుకే కుదుపు వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు. తెలుసుకోవాలనీ లేదు. దబ్బనం కుట్లు ఒక్కొక్కటే తెగడం విన్నాను. ఆ తర్వాత పట్టీ తెగింది. పైన తాడుకు రింగూ జానెడు పట్టీ మిగిలాయి. మిగతా నేను కూర్మయ్యతో పాటు కిందికి వచ్చాను. బెల్టు ఉందన్న ధైర్యమో ఏమో, సగం దూరం దాకా అతను అరవలేదు.

విచారణలో అప్పలసూరి ఏదీ దాచలేదు. కుట్టింది నేనే, తొడిగింది నేనే అన్నాడు. బైరాగినాయుడు ఉద్యోగం మానేసి వెళ్లిపోయాడు. వెళ్తూ ఆ కత్తెరను అప్పలసూరి చేతిలో పెట్టి వెళ్లాడు. నన్ను శిక్షణ షెడ్డులో అద్దాల పెట్టెలో వేలాడదీశారు. కొత్తగా చేరేవాళ్లకు నన్ను చూపించి జరిగింది చెప్పడం అప్పలసూరి పని. కూర్మయ్య అక్కతో కాపురం చేస్తూ, రోజూ ఉదయం వచ్చి అదే కథ చెప్పాలి. ఎవరూ రాకముందే అద్దం తుడుస్తూ నన్ను అడిగేవాడు.

"నీకు ముందే తెల్సు గదా?"

తెలుసు. పదకొండు కాగానే పెట్టెలో నేను కిందికి గుంజుకునేదాన్ని, అద్దం గల్లుమనేది. అప్పలసూరి కళ్లు మూసుకునేవాడు. కొత్తవాళ్లు జడుసుకునేవారు. మర్నాటికి అద్దం మీద ఎవరో పెట్టిన కుంకుమ బొట్టు కనబడేది. మనుషుల్ని ఏమనాలి చెప్పండి? ఇంత విన్నాక కూడా బొట్టు పెడతారు.

నిన్న వచ్చినవాళ్లలో ఒకతను కథంతా బుద్ధిగా విన్నాడు. చివర్లో చేతులు కట్టుకుని, మొదటిసారి మనిషిని కాపాడిన బెల్టే కదా, పైకెక్కేముందు ఒక్కసారి భుజాన వేసుకోనిస్తారా అని వినయంగా అడిగాడు.

అప్పలసూరి పెట్టె తెరిచి, నన్ను బల్ల మీద పరిచి, సంచిలోంచి బైరాగినాయుడి కత్తెర తీశాడు. కూర్మయ్య వేలు ఆగినచోట అతని చెయ్యి ఒక్క క్షణం ఆగింది. ఛాతీ పట్టీ కోశాడు. భుజాలవి రెండూ కోశాడు. తొడలవి కోస్తున్నప్పుడు అతని ముక్కు మీదుగా కన్నీళ్లు కారి నామీద పడ్డాయి. తుడుచుకోలేదు.

"ఆ రోజే సెయ్యాల్సిన పని ఇది," అన్నాడు.

గోడ మీద గడియారం పదకొండు కొట్టింది. అప్పలసూరి కత్తెర పట్టుకుని నా వైపే చూస్తున్నాడు. నేనూ ఎదురు చూశాను.

కదల్లేదు.