కడగని కాళ్ళు

కాళ్ళు కడిగించుకోవడానికి వచ్చేవాడు ముందే కాళ్ళు కడుక్కుని రావాలి. నటాల్‌లో, ఉంజింటో ఊరికి అవతల, మోరెల్ దొర చెరకు ఎస్టేటులో ఇదీ చట్టం. నవ్వకండి. పందొమ్మిది వందల తొంభై నాలుగు మార్చిలో, అన్ని రంగులవాళ్ళూ కలిసి వేసే తొలి ఓటు కోసం దేశమంతా రోజులు లెక్కపెట్టుకుంటున్నప్పుడు, నా కళ్ళతో చూసిందే చెబుతున్నాను.

ఈస్టరు ముందు గురువారం సాయంత్రం కతోలిక్కుల గుళ్ళో ఫాదరు పన్నెండు మంది కాళ్ళు కడుగుతాడు. ఏసు తన శిష్యుల కాళ్ళు కడిగాడట, అందుకని. మా ఎస్టేటులో గుడి కట్టించింది దొర తాత. కనుక ఫాదరు పక్కన నీళ్ళ పళ్ళెం పట్టుకునే పుణ్యం దొరవారి కుటుంబానిదే. ఆ పన్నెండు మందినీ చెరకు కోసేవాళ్ళలోంచి ఏరేది కూలీల మీద అజమాయిషీ చేసే సర్దారు ఎరాల్. వాడు మన తెలుగువాడే. వాడి ముత్తాతా మా ముత్తాతా ఒకే ఓడ దిగి ఒకే చేలో నడుం వంచారు. వీడు మాత్రం నిటారుగా నిలబడి పక్కవాడి నడుం వంచడం నేర్చాడు.

సోమవారం పొద్దున నేను ట్రాక్టరుకి నీళ్ళు పడుతున్నాను. ఎరాల్ ఆ పన్నెండు మందినీ కొళాయి దగ్గర వరసగా నిలబెట్టాడు. ఒక్కొక్కడి పాదం మీదికి వంగి వాసన చూస్తున్నాడు.

"ఇటికముక్కెట్టి తోమండి! గోళ్ళు తియ్యండి! దొరగోరికి వోసన పడదు!"

థూ! దేవుడి పేరు చెప్పి కడిగే కాళ్ళకి కూడా తనిఖీ!

మ్ఖిజే దగ్గర ఆగాడు. మ్ఖిజే అరవై దాటిన జులూ మనిషి. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆ చేలల్లోనే చెరకు కోస్తున్నాడు. పోయిన డిసెంబరులో కోసిన చెరకు మోడు అతని పాదంలో దిగింది. బూట్లు ఇవ్వమని మా యూనియన్ అడుగుతూనే ఉంది, "వచ్చే సీజనుకి చూద్దాం" అని దొర అంటూనే ఉన్నాడు. పుండు మానలేదు. చీము పట్టింది.

"నువ్ పక్కకి పో, ముసలోడా. ఈ ఏడు నువ్ లేవు," అన్నాడు ఎరాల్. జేబులోంచి కాగితం తీశాడు. "ఇదీ తీస్కో. శనోరానికల్లా ఇల్లు ఖాళీ సెయ్యాల. కోత కొయ్యలేనోడికి కంపెనీ ఇల్లెందుకు?"

మ్ఖిజేకి చదువు రాదు. కుంటుకుంటూ నా దగ్గరికి వచ్చి కాగితం ఇచ్చాడు. చదివి చెప్పాను. భార్యాభర్తలిద్దరూ ఎక్కడికి పోతారో అందులో రాయలేదు. కింద దొర సంతకం ఉంది. ఇల్లు ఖాళీ చేయకపోతే రేకులు పీకడానికి ట్రాక్టరు పంపుతామని కూడా ఉంది. ఆ ట్రాక్టరు నడిపేది నేనే.

మంగళవారం సాయంత్రం ట్రాక్టరు షెడ్డులో కూడాం. కోతవాళ్ళు, కలుపు తీసే ఆడవాళ్ళు, అంతా కలిసి నూటముప్పై మంది. అక్కడ సగం జులూలో, సగం ఫనకలో అనే కూలీల కలగాపులగం భాషలో అరుచుకున్నాం, మీకోసం తెలుగులో చెబుతున్నాను. కుర్రకారు చేలు తగలబెడదామన్నారు. నేను సమ్మె అన్నాను. "కోతే మొదలవలేదు కదా, సమ్మె చేస్తే ఎవడికి నొప్పి?" అని నన్నే నిలదీశారు.

అప్పుడు థెల్మా పిన్ని లేచింది. మా అమ్మకి చెల్లెలు. కిరస్తానీ ఇంటికి కోడలై వెళ్ళింది. గుళ్ళో పిల్లలకి మత పాఠాలు చెబుతుంది, పీఠం మీద పరిచే గుడ్డలు ఇస్త్రీ చేస్తుంది.

"బేస్తోరం గుళ్ళో అడుగుదాం," అంది.

నాకు ఒళ్ళు మండింది. "పిన్నీ, మీ దేవుడు దొర కార్లో పక్క సీట్లో కూచుని వస్తాడు. మ్ఖిజే ఇల్లు ఎక్కడుందో ఆయనకేం తెలుసు?"

"నోర్ముయ్‌రా రాజెన్! నీకేటి తెలుసని? పతీ ఆదోరం పిల్లల సేత వల్లెయించీది నాను. గూడు లేనోడికి గూడియ్యాల, అది కనికరం. పేదోణ్ణి అణిసేస్తే అది ఆకాశానికి మొరెట్టీ పాపం. పొత్తకంలో అచ్చేసున్నాది. ఆ పొత్తకాలు కొనిచ్చింది ఎవులు? దొరే! సదివినాడో లేదో బేస్తోరం అడిగేద్దుం."

"ఎలా అడుగుతావు?"

"ఎవులూ కాళ్ళు కడుక్కోకండి. అంతే."

షెడ్డు గొల్లుమంది. చేలు తగలబెడతామన్న మొనగాళ్ళే తల అడ్డంగా ఊపారు. "మురికి కాళ్ళతో దేవుడి ముందుకా? మా అమ్మ సమాధిలోంచి లేచి కొడుతుంది," అన్నాడొకడు. చూశారా మనవాళ్ళ మర్యాద! నిప్పు పెట్టడానికి జంకనివాడు పాదం మీద మట్టికి సిగ్గుపడ్డాడు. దొర తాత ఆ గుడి కట్టింది మన సిగ్గు మీదే.

కలుపు తీసే ఆడమనిషి ఒకామె వెనకనుంచి అరిచింది. "కడుగుతానన్నది ఆ దేవుడే. మనమే కడిగేసుకుంటే ఇక ఆయనకి పనేముంది?"

నవ్వులే నవ్వులు. ఆ నవ్వుతోనే తీర్మానం అయిపోయింది. పదేళ్ళుగా కరపత్రాలు పంచుతున్న నాకు ఆ ముక్క తట్టనందుకు ఇప్పటికీ సిగ్గే.

గురువారం మధ్యాహ్నం రేడియోలో చెప్పారు. నటాల్ అంతటా ఎమర్జెన్సీ, గుంపులు కూడరాదు. ఎరాల్ మీసం దువ్వాడు. "పార్దనకి కూడితే గుంపవుద్దేటి?" అని పిన్ని చీర కొంగు దోపుకుంది.

సాయంత్రం గుడి కిటకిటలాడింది. కొత్త దేశంలో యజమానీ కూలీ ఎంత ప్రేమగా ఉన్నారో చూపించాలని దొర డర్బన్ నుంచి ఫొటోలవాణ్ణి పిలిపించాడు. పన్నెండు కుర్చీలు వేశారు. పన్నెండు మందీ చేలోంచి నేరుగా వచ్చి కూచున్నారు. మోకాళ్ళ దాకా బురద, పగిలిన మడమలు, నల్లబడ్డ గోళ్ళు. మొదటి కుర్చీలో, ఎరాల్ తీసేసిన మ్ఖిజే; అతని బదులు ఏరినవాడే చోటిచ్చాడు. అతని కాలికి కట్టు లేదు.

దొర వెండి పళ్ళెం పట్టుకుని వచ్చాడు. ఆ కాలు చూశాడు. ముక్కు మూసుకుందామంటే రెండు చేతుల్లోనూ పళ్ళెమే!

"ఎరాల్! ఏమిటిది?"

"ఎరాల్ని కాదు, నన్నడుగు," అంది పిన్ని, బైబిలు చదివే చోట నిలబడి. "అది నీ చేలో తెగిన కాలు. శనోరం నువ్ ఈదిలో పడెయ్యబోయీ కాలు."

ఫాదరు గొంతు తగ్గించాడు. "థెల్మా, ఇవన్నీ బయట మాట్లాడుకుందాం."

"బయటే ఉన్నాం ఫాదర్, ముప్పయ్యేళ్ళబట్టీ."

పాపం, ఫాదరు మోకాళ్ళ మీద కూచున్నాడు. మ్ఖిజే పాదం అందుకోబోయాడు. మ్ఖిజే వెనక్కి లాక్కున్నాడు.

"నా కాలు కడగొద్దు. నా ఇంటి జోలికి రావద్దు."

"ఏసు కాళ్ళు కడగబోతే పేతురు కూడా మొదట వద్దనే అన్నాడు, తరువాత ఒప్పుకున్నాడు," అన్నాడు ఫాదరు, మెత్తగా.

"పేతురు ఇల్లు ఎవడూ కూల్చలేదు ఫాదర్."

మిగతా పదకొండు మందీ కాళ్ళు కుర్చీల కిందికి తీసుకున్నారు. బెంచీల్లోంచి ఆడవాళ్ళు లేచారు. చెప్పులు విప్పి, మట్టికాళ్ళతో ఆ కుర్చీల వెనక వరసకట్టారు. వరస గుమ్మం దాటింది. ఫొటోలవాడు టకటకా తీశాడు, పిలిపించింది అందుకు కాకపోయినా. దొర పళ్ళెం నేలమీద పెట్టేసి పక్క తలుపులోంచి పోయాడు. మూడు తరాల పుణ్యం మూడు నిమిషాల్లో ముగిసింది.

కానీ కాగితం వెనక్కి తీసుకోలేదు. గుళ్ళో ఓడినవాడు పోలీసుల్ని పిలుస్తాడు, అది మామూలే.

శనివారం ఏడింటికి ఎరాల్ ట్రాక్టరు తాళంచెవి నా చేతికివ్వబోయాడు. "ఎల్లు, రేకులు పీకు."

"నువ్వే పీకు," అన్నాను. పద్నాలుగేళ్ళ నౌకరీ ఆ రెండు మాటలతో పోయింది. భయం వేసింది, దాచను. రాత్రి అంతా అనుకున్నట్టే మ్ఖిజే ఇంటికి పరుగెత్తాను.

వాడే ట్రాక్టరు ఎక్కాడు. మ్ఖిజే ఇంటి ముందుకి వచ్చి ఆపాడు. పది అడుగుల గదిలో, వాకిట్లో, పెరట్లో నూటముప్పై మందిమి కూచుని ఉన్నాం. మ్ఖిజే భార్య గుమ్మంలోనే చాప పరుచుకుంది. "మీదికి ఎక్కించు!" అని దొర కారులోంచి అరిచాడు. ఎరాల్ ఇంజను రెండుసార్లు గర్జించింది. గుమ్మం పక్కన వాడి సొంత మేనత్త కూచుని ఉంది.

"రారా ఎరాలూ, ఎక్కించు. సచ్చినాక గుళ్ళో నాకు మాస్ పార్దన సెప్పించీవోడివి నువ్వే కదా!" అందామె.

వాడు ఇంజను ఆపేశాడు. దిగలేదు, తల కూడా ఎత్తలేదు.

పోలీసులు వ్యాన్లు తెచ్చారు. ఎమర్జెన్సీ పేరు చెప్పి పదకొండు మందిని ఈడ్చారు. నన్ను మొదట, పిన్నిని ఆఖర్న. పిన్నిని ఎక్కిస్తుంటే ఆమె కూచున్న చోట ఇంకొకామె వచ్చి కూచుంది. నా చోట ఇద్దరు. చీకటి పడే దాకా నిలబడి, ఇల్లు ముట్టుకోలేక పోలీసులు వెళ్ళిపోయారు.

ఈస్టరు పండగ మాకు లాకప్పులో గడిచింది. మంగళవారం పొద్దున కోత మొదలవ్వాలి. ఆరింటికి సైరను కూసింది. చేలో ఎరాల్ ఒక్కడే నిలబడ్డాడట. మా ఎస్టేటూ, పక్కనున్న రెండు ఎస్టేట్లూ వచ్చి మ్ఖిజే వాకిట్లో కూచున్నాయి. పదకొండు మందినీ విడిచిపెట్టండి, ఆ కాగితం చింపండి, అప్పటిదాకా కత్తి పట్టం అన్నారు.

పట్టలేదు. బుధవారం కూడా పట్టలేదు.