సుంకులమ్మ చేతులు

నేను ఒక వెలుగు పెట్టెను. బియ్యం డబ్బా కంటే కొంచెం పెద్దగా ఉంటాను. ముందు రెండు కంతలు, లోపల కిందా మీదా కలిపి ఎనిమిది ట్యూబులైట్లు. బొల్లి మచ్చలు వచ్చినవాళ్ళు ఆ కంతల్లో చేతులు పెడితే, అతినీలలోహిత కిరణాల్లోంచి ఏరి తీసిన ఒక్క రకం వెలుగును వాటి మీద పోస్తాను. మనిషి మొత్తం నిలబడే పెద్ద పెట్టె వేరే ఉంది. ముఖాలూ వీపులూ దాని వంతు. నాకు దక్కినవి చేతులే.

పుణె వైపు ఒక రేకుల షెడ్డులో నన్ను బిగించారు. మొదట ఒక ప్రైవేటు డాక్టరు కొన్నాడు. మూడేళ్ళు వాడుకుని, కొత్త యంత్రం రాగానే నన్ను కర్నూలు వైపు ఒక సర్కారు ఆస్పత్రికి దానమిచ్చాడు. నాకు బంతిపూల దండ వేసి, పక్కన నిలబడి ఫోటో దిగాడు. అప్పటికే నా ట్యూబులు రెండు మాడిపోయాయి. ఆ సంగతి ఫోటోలో పడలేదు.

ఆస్పత్రిలో నన్ను నడిపేది వసుంధర అనే సిస్టరు. వచ్చినవాళ్ళకు నల్ల కళ్ళద్దాలు పెట్టి, టైము తిప్పి, పుస్తకంలో రాసుకునేది. నా వెలుగు అందరికీ ఒకటే గానీ చేతులు ఒకటి కావు. ఒక లారీ డ్రైవరు సగం రోజులు ఎగ్గొట్టినా మణికట్టు మీది మచ్చ మూడు నెలల్లో పోయింది. ఒక్కరోజు తప్పని టీచరమ్మకు ఏడాదైనా చుక్క రంగు తిరగలేదు. బాగైనవాళ్ళు దేవుడికి మొక్కు తీర్చుకున్నారు. కానివాళ్ళు నన్ను తిట్టుకున్నారు.

సుంకులమ్మ వచ్చింది మాఘమాసంలో. నలభై దాటిన మనిషి. ఇరవై ఏళ్ళుగా గాజుల సరాలు కట్టిన మలారం భుజాన వేసుకుని ఊళ్ళు తిరిగి అమ్మేది. చెయ్యి పట్టుకుంటే చాలు ఏ సైజో చెప్పేది. ఎంత బిరుసు చెయ్యయినా కణుపులు మెత్తగా నొక్కి, ఒక్క గాజు చిట్లకుండా ఎక్కించేది. మూతి పక్కన మొదలైన తెలుపు రెండేళ్ళలో ఆ చేతులకు పాకింది. పది వేళ్ళూ సున్నంలో ముంచి తీసినట్టయ్యాయి.

"పోయిన శ్రావణంలో ఒకాయమ్మ చెయ్యి వెనక్కి గుంజుకుంది సిస్టరమ్మా. మలారం ఆడ పెట్టి దూరంగా కూచో, మేమే ఏసుకుంటాం అనింది. అది పట్టుకుని ఊరంతా అట్నే అంటాండారు. ముఖం ఎట్టన్నా పోనీ. చేతులు బాగుచేయండి," అంది మొదటి రోజే.

వారానికి మూడు రోజులు, రెండు బస్సులు మారి వచ్చేది. ఇరవై సెకన్లతో మొదలుపెట్టి వసుంధర కొంచెం కొంచెంగా టైము పెంచింది. నాలుగో నెలకు పెద్ద పెట్టె ఆమె ముఖానికి రంగు తెచ్చేసింది. నా దగ్గర, మణికట్టు పైన వెంట్రుకల మొదళ్ళలో రాగి గింజలంత చుక్కలు లేచాయి. సుంకులమ్మ వచ్చినప్పుడల్లా వాటిని లెక్కపెట్టుకునేది. వేళ్ళు మాత్రం అట్లాగే ఉన్నాయి.

"యేళ్ళకు ఎప్పుడొస్తాది మేడమ్?" అని డాక్టరు ప్రమీలను అడిగింది.

డాక్టరు ఆమె వేలిని తన చేతిలోకి తీసుకుంది. "చూడమ్మా, రంగు వెంట్రుక మొదట్లో దాక్కుని ఉంటుంది. వెలుగు పడితే అక్కణ్ణుంచి పాకుతుంది. వేళ్ళ కొసల్లో వెంట్రుకలే లేవు కదా. అక్కడ రావడం చాలా కష్టం."

"కష్టమంటే రాదనా?"

డాక్టరు చీటీ మీద ఇంకో నెల రాసింది.

గాజులకు గిరాకీ ఉండే శ్రావణం పది రోజుల్లో పడుతుందనగా, వసుంధర ఎవరో పిలిస్తే పక్క గదిలోకి వెళ్ళింది. సుంకులమ్మ ఎడమ చెయ్యి బయటికి తీసి నా టైము మీట పట్టుకుంది. రెండు నిమిషాల దగ్గరున్న దాన్ని చివరిదాకా తిప్పింది. చెయ్యి మళ్ళీ లోపల పెట్టి, "నీకు దండం పెడతా, ఈ ఒక్కసారి," అని నాతో అంది. అప్పటిదాకా నాతో మాట్లాడిన మనిషి లేదు. నేను ఆగలేను. తిప్పినంతసేపూ వెలిగాను. నా మంట అప్పటికప్పుడు తెలియదు. వెచ్చగా ఉందనుకుని ఆమె నవ్వుకుంది కూడా.

మూడో రోజు చేతులకు తడి గుడ్డలు చుట్టుకుని వచ్చింది. బొబ్బలు పగిలి ఉన్నాయి. వసుంధర నెత్తి కొట్టుకుంది. డాక్టరు కేకలేసింది, తర్వాత గొంతు తగ్గించి మందు రాసిచ్చింది. నెల తిరిగేసరికి పుండ్లు మానాయి. కాలిన చోటల్లా తెలుపే తేలింది. మణికట్టు మీద మొలిచిన గోధుమ చుక్కలు ఒక్కటీ మిగల్లేదు.

"ఇంక చేతులకు వెలుగు వద్దు," అని డాక్టరు చీటీ కొట్టేసింది.

ఆ తర్వాత నేనెన్నో చేతులు చూశాను. ఇప్పుడు ట్యూబులన్నీ మాడి, విరిగిన స్ట్రెచర్ల కింద దుమ్ములో పడి ఉన్నాను. ఎన్ని మరిచినా ఆ మధ్యాహ్నం మరుపు రాదు. చీటీ పట్టుకుని సుంకులమ్మ నా ముందరి స్టూలు మీద కూర్చుండిపోయింది. మలారం ఒళ్ళో ఉంది.

"దీన్ని మా మరిదికి ఇచ్చేసేకి పోతాండ. సిస్టరమ్మా, ఒకపారి నీ చెయ్యి ఇయ్యి. ఏడాదయింది ఒకరి చెయ్యి పట్టుకుని."

వసుంధర తలుపు వైపు చూసింది. కొంగుకు చెయ్యి తుడుచుకుంది. చివరికి ఎడమ చెయ్యి చాచింది.

సుంకులమ్మ కణుపులు నొక్కింది. డజను ఆకుపచ్చ గాజులు ఒక్కటొక్కటే మణికట్టు మీదికి జారాయి. ఒక్కటీ చిట్లలేదు. గాజులు అయిపోయినా ఆమె ఆ చెయ్యి వదల్లేదు. వసుంధరే మెల్లగా లాక్కుంది.

మలారం భుజానికెత్తుకుని సుంకులమ్మ మెట్లు దిగిపోయింది. మళ్ళీ రాలేదు.

బొల్లి అంటుకోదని వసుంధరకు నాకంటే బాగా తెలుసు. అయినా నా పక్కనున్న కుళాయి తిప్పింది. సబ్బు రాసి మోచేతి దాకా రుద్దింది. కడిగి, మళ్ళీ రుద్దింది. నీళ్ళ కింద గాజులు గలగలలాడుతుంటే తలెత్తకుండా ఏడ్చింది.

గాజులు మాత్రం తియ్యలేదు.