మావయ్య సంతకం

శనివారం మధ్యాహ్నం భోజనం చేస్తూ చేస్తూ పిచ్చుక ఓ మాట జారవిడిచింది.

"రేపు మావయ్య సంతకం పెట్టేస్తే పనైపోతుందంట. నాన్నకి మాత్రం చెప్పొద్దంట."

తాళాలాయన చేతిలో మంచినీళ్ల గ్లాసు అలాగే ఉండిపోయింది. తాళాలు బాగుచెయ్యడం, పోయిన తాళంచెవులకి కొత్తవి కొయ్యడం అతని పని కాబట్టి వీధివీధంతా అతన్ని అలాగే పిలుస్తుంది. పిచ్చుక అతని ఏడేళ్ల కూతురు. విడాకులయ్యాక పిల్ల తల్లి దగ్గర పెరుగుతోంది. శనివారం మధ్యాహ్నం నుంచి ఆదివారం సాయంత్రం ఆరింటి దాకా మాత్రం అతనిది. కోర్టు రాసిచ్చిన ఆ ఒకటిన్నర రోజు కోసమే అతను మిగతా వారమంతా బతుకుతున్నాడంటే అబద్ధం కాదు.

"ఎవరన్నారే ఆ మాట?"

"అమ్మ. ఫోన్లో."

"ఏ మావయ్య?"

పిచ్చుక తండ్రి వంక జాలిగా చూసింది. "నాకున్నది ఒక్క మావయ్యే కదా నాన్నా!"

నిజమే, ఒక్కడే. అతని మాజీ భార్య తమ్ముడు, పాత కార్లు అమ్ముకునేవాడు. విడాకులొచ్చిన రోజు కోర్టు మెట్ల మీద నిలబడి, "పిల్ల నీ కంటికి కూడా కనపడదు, చూసుకో బావా" అని పదిమందిలో అరిచినవాడు. ఆ ముఖం గుర్తొచ్చేసరికి తాళాలాయన కంచం పక్కకి నెట్టేశాడు.

సంతకం దేనిమీద? వేరే ఊళ్లో బడి కోసమా? పిల్లకి మేనమామే సంరక్షకుడని రాయించడానికా? ఆలోచించేకొద్దీ కాయితాలు పుట్టుకొస్తూనే ఉన్నాయి.

తనతోనే ఉంటున్న తన తండ్రికి చెబుదామనుకున్నాడు. పెద్దాయన ఆ సాయంత్రం అద్దం ముందు నిలబడి చొక్కా ఇస్త్రీ మడతలు సరిచూసుకుంటున్నాడు.

"ఎక్కడికి నాన్నా ముస్తాబు?"

"రేప్పొద్దున చిన్న పనుందిలే."

"ఆదివారం ఏం పని?"

"ముసలాడికి పనుండకూడదేంట్రా? నీ తాళాలు నువ్వు చూసుకో."

అదీ తేడాగానే ఉంది. అసలా ఇంట్లో ఆ రోజు తేడాగా లేనిదేదీ లేదు. కూతురి సంచీ వెతికాడు. బట్టలు నాలుగు జతలున్నాయి. ఒక్క రాత్రికి నాలుగు జతలా? బయలుదేరే ఏర్పాటే అనుకున్నాడు. పిల్ల రోజుకి రెండుసార్లు ఒంటిమీద నీళ్లు ఒలకబోసుకుంటుందన్న సంగతి ఆ క్షణంలో తట్టలేదు.

మర్నాడు పెద్దాయన అలా గుమ్మం దాటాడో లేదో, ఇతను పనిముట్ల పెట్టె తెరిచి వీధి తలుపు తాళం విప్పడం మొదలెట్టాడు. పాతది తీసి కొత్తది బిగించాలి. ఆరింటికి వాళ్లొచ్చి ఎంత కొట్టుకున్నా తలుపు తియ్యకూడదు. తియ్యకపోతే ఏమవుతుందో అతనికి తెలుసు. పోయిన నెల గంట ఆలస్యంగా పంపినందుకే కోర్టు నుంచి మందలింపు కాయితం వచ్చింది. ఇంకోసారి తప్పితే శనివారాలు పోతాయి. నెలకో గంట, పరాయివాళ్ల ఎదురుగా, కోర్టు గదిలో కూర్చుని కూతుర్ని చూసుకోవాల్సిందే. అయినా వాళ్లు ఎలాగూ ఎత్తుకుపోతుంటే ఇంక పోయేదేముంది అనుకుని స్క్రూ తిప్పాడు.

పిచ్చుక వచ్చి పక్కన గొంతుక్కూర్చుంది.

"నాన్నా, ఇది అప్పుడు మార్చినట్టేనా?"

అతని చెయ్యి ఆగింది. విడాకుల నోటీసు వచ్చిన రోజు కోపంలో ఇలాగే తాళం మార్చేశాడు. పిల్ల బడి సంచీ లోపల, పిల్లా తల్లీ బయట. ఆ సాయంత్రమంతా మెట్ల మీదే కూర్చున్నారు.

"అప్పుడు నువ్వు బయటున్నావు కదే. ఇప్పుడు లోపలున్నావు."

"మరి తాతయ్యో?"

అతను మళ్లీ స్క్రూ బిగించడంలో పడ్డాడు.

సరిగ్గా ఆరింటికి తాళంలో చెవి దూరిన చప్పుడైంది. దూరింది గానీ తిరగలేదు. ఇరవై ఏళ్లుగా ఇదే పనిలో ఉన్నవాడికి ఆ చప్పుడు వేరే చెప్పాలా? ఎవరో పాత చెవితో తిప్పుతున్నారు. బావమరిదికి నా ఇంటి చెవి ఎలా దొరికింది? కూతుర్ని వెనక్కి నెట్టి, స్క్రూడ్రైవర్ పట్టుకుని తలుపుకి చెవి ఆనించాడు.

"ఆగండి మావయ్యా, గట్టిగా తిప్పకండి. చెవి విరుగుద్ది," అంది బయట అతని మాజీ భార్య. "మళ్లీ మార్చినట్టున్నారు."

మావయ్యా!

సొంత తమ్ముణ్ణి మావయ్య అని ఎందుకు పిలుస్తుంది? ఆమె నోట ఆ మాట ఎప్పుడూ ఒక్కరికే, అతని తండ్రికే. విడాకులు మొగుణ్ణి కొట్టేశాయి గానీ, ఆ పిలుపుని కొట్టెయ్యడం ఎవరికీ గుర్తులేదు. తలుపు తీశాడు.

నలగని ఇస్త్రీ చొక్కాలో పెద్దాయన, చేతిలో కాయితాల కవరు, పక్కన ఆమె. బావమరిది లేడు.

"ఆ స్క్రూడ్రైవర్ ఎవరికిరా? నాకా?" అన్నాడు పెద్దాయన.

"సంతకం నువ్వు పెట్టావా?"

"నా వీలునామాకి నేను కాక పక్కింటాయన పెడతాడా? ఈ ఇల్లు నా తర్వాత పిచ్చుకది. నువ్వు బతికినంత కాలం ఇందులో ఉంటావు. అది పెద్దదయ్యే దాకా దాని తరఫున చూసుకునేది కోడలు. ఆదివారం పూట లాయరు ఇంట్లో కూర్చుని రాయించాం. కోడలు అని రాయకూడదంటాడాయన, మాజీ కోడలట! మాజీ మంత్రిని చూశాగానీ, మాజీ కోడలేంటయ్యా అన్నా."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే తాళం మారుస్తావని."

కొత్త తాళం వంక చూసి ఆయనే మళ్లీ అన్నాడు. "చెప్పకపోయినా మార్చావు."

ఆమె కవరులోంచి ఓ కాయితం తీసి వేలితో ఒక వరస చూపించింది. ఈ ఇంటి తలుపుకి తాళం మార్చిన ప్రతిసారీ, ఆ రోజే ఒక చెవి నా మనవరాలి చేతికివ్వాలి అని ఉంది.

"ఇది నేను రాయించలేదు," అందామె. "మావయ్యే చెప్పారు. ఆరు దాటి పది నిమిషాలైంది. పిల్లని పంపిస్తారా, నేను మా లాయరుకి ఫోన్ చెయ్యాలా?"

"పంపిస్తా. రెండు నిమిషాలాగు."

పెట్టెలోంచి గాట్లు పడని తాళంచెవులు మూడు తీసి, ఆకురాయి పట్టుకుని అక్కడే కూలబడ్డాడు. రెండు నిమిషాలన్నది ఇరవై అయింది. ఆమె ఫోన్ చేతిలో పట్టుకునే నిలబడింది, చెయ్యలేదు. ఒకటి తండ్రికిచ్చాడు. ఒకటి దారానికి గుచ్చి పిచ్చుక మెళ్లో వేశాడు. మూడోది ఆమె అడక్కుండానే ఆమెకి అందించాడు.

ఆమె దాన్ని వెంటనే సంచీలో వేసుకోలేదు. తలుపు దగ్గరగా లాగి, తాళంలో పెట్టి తిప్పి చూసింది. తిరిగింది. అతని ముఖం వంక చూసి, ఇంకోసారి తిప్పి చూసింది.

"పై శనివారం కూడా ఇదే తాళమేనా?" అంది.

"ఇదే."

"చూద్దాం," అని పిల్ల చెయ్యి పట్టుకుని మెట్లు దిగింది.