వంటింటి పునాది

మజ్జిగలో ఉప్పు తక్కువైందని మా ఆయన చెంబు వెనక్కి పంపించాడు. తను లేచి రాలేదు, మార్కాపురం నుంచి వచ్చిన బేల్దారి మేస్త్రీ ఎర్రయ్య చేతికిచ్చి పంపాడు. పొద్దున్నుంచీ ఎర్రయ్య ఇంటి ముందరి సావిడి గోడ పక్కన గుంత తవ్వుతున్నాడు, ఈ పాత పునాది పైన మేడను మోస్తుందో లేదో చూడటానికి. మా ఆయన జిల్లా బోర్డు మెంబరయ్యాడు కదా, కర్నూలు నుంచి వచ్చే పెద్దమనుషులను కింద కూచోబెడితే పరువు తక్కువట. మేడ మీద గాలికి కూచోబెట్టాలట. గాలి వాళ్ళకు, మెట్లు నాకు. ఒక్కో చెంబూ ఒక్కో విస్తరీ ఈ మోకాళ్ళతో పైకి మోసేది నేనే. అందుకే ఆ పునాది పనికిరాదని తేలాలని పొద్దున పొయ్యి ముట్టించేటప్పుడే దండం పెట్టుకున్నాను. సొంతింటి పునాది చెడ్డదవాలని మొక్కుకున్న ఇల్లాలు మా పుల్లలచెరువులో నేనొక్కదాన్నేనేమో.

ఉప్పు కలిపి చెంబు తీసుకెళ్ళేసరికి ఎర్రయ్య గుంతలో నిలబడి తల గోక్కుంటున్నాడు.

"పునాది మోకాటి లోతుకే అయిపోయిందన్నా. ఇంగ రాయే లేదు," అని గునపం దింపి చూపించాడు. మెత్తగా దిగబడింది. కడవెడు నీళ్ళు పోశాడు. చూస్తుండగానే నేల తాగేసింది. "దీని మీద మేడంటే నా వల్ల గాదు. ఈ గోడలే ఎట్ల నిలబడినాయో ఏమో."

"ఏంది నువ్వనేది? మా నాయన మంచి ముహూర్తం చూసి కట్టించిన సావిడిరా ఇది!"

నేను కొంగు నోటికడ్డం పెట్టుకున్నాను. కొంప ముంచింది ఆ ముహూర్తమే.

ఈ ఇల్లు మొదలుపెట్టిన ఏడే నేను కాపురానికొచ్చాను. పునాది వేశాక ఒక వానకాలమన్నా దాన్ని అట్లాగే వదిలెయ్యాలి, తడిసి తడిసి తనంతట తాను కుంగి గట్టిపడాలి, ఆ తర్వాతే గోడ. మా వైపు అందరికీ తెలిసిన సంగతే అది. వంటింటి వైపు లోతుగా తవ్వి రాళ్ళు నింపేసరికి మూఢం దగ్గరపడింది. ఆలోపు సావిడిలో పాలు పొంగించకపోతే ఊళ్ళో తలెత్తుకోలేనని మామ పట్టుబట్టి కూర్చున్నాడు. సావిడికి పైపైన తవ్వి, ఆ నెలలోనే గోడలు లేపేశారు. మరి వంటిల్లో అని అత్త అడిగితే, "దానికేం తొందర, ఆడోళ్ళు యాడన్నా వండుతారు," అన్నాడు. ఆ మాట నా చెవిలో ఇప్పటికీ ఉంది. అట్లా దొడ్లో పాక వేశారు. రెండు వానకాలాలు అందులోనే వండాం. కప్పు కారి పొయ్యి ఆరిపోయేది, తడి కట్టెలు ఊది ఊది కళ్ళు చింతనిప్పుల్లా అయ్యేవి. కొత్త సావిడిలోంచి మాత్రం వేళకు కేక వచ్చేది, "అన్నం ఇంకా కాలేదా?" అని.

ఆ పాక తలచుకుంటే ఒళ్ళు మండుతుంది కానీ, అత్తను తలచుకుంటే ఆ రోజులు మళ్ళీ వస్తే బాగుండనిపిస్తుంది. వెంకటసుబ్బులమ్మ అంటే ఊరికి హడల్, నాకు మాత్రం స్నేహితురాలు. బియ్యం కడిగిన నీళ్ళు, గిన్నెలు కడిగిన నీళ్ళు అన్నీ మోసుకెళ్ళి ఆ వంటింటి పునాదిలో పోయించేది. నీళ్ళకు కటకటలాడే ఊళ్ళో అంతకంటే ఏం పోస్తాం! సాయంత్రం ఇద్దరం అందులోకి దిగి, చీరలు ఎగదోపుకుని, చేతులు పట్టుకుని తొక్కేవాళ్ళం.

"ఎవరినన్నా తలచుకోని తొక్కు పిల్లా, బాగా కుంగుతాది," అనేది.

"నువ్వెవరిని తలచుకున్నావత్తా?"

"ఇంకెవర్నే, మీ మామనే!"

నవ్వలేక చచ్చేదాన్ని. ఒకరోజు తొక్కుతూ తొక్కుతూ ఆగి కొండల వైపు చూసింది. "దీని మీద చిన్న గదొకటి పడితేనా, కిటికీలో కూచుంటే మా పుట్టింటి కొండ అవుపిస్తాది పిల్లా. నువ్వూ నేనూ కూచుందాం," అంది. ఆ గది పడలేదు, ఆమె పోయింది. ఆమె గుర్తొస్తే అమ్మ కోసం వచ్చినదానికన్నా ఎక్కువ ఏడుపొస్తుంది నాకు.

ఖంగుమన్న చప్పుడుకు ఉలిక్కిపడ్డాను. మేడ పడకపోతే పరువు పోతుందని మా ఆయన ఇంటి చుట్టూ తవ్విస్తున్నాడు. ఎర్రయ్య ఇప్పుడు వంటింటి గోడ కింద నడుము లోతులో ఉన్నాడు. పోసిన నీళ్ళు పోసినట్టే నిలబడి ఉన్నాయి.

"ఏంది వదినా ఇది, గునపం ఎగిరొస్తా ఉంది! దీని మీద మేడ నిశ్చింతగా లేపొచ్చన్నా."

మా ఆయన మొహం విప్పారింది. "అయితే దీని మీదే లేపు. పొగ పైకొస్తాది కాబట్టి పొయ్యి దొడ్లోకి మార్పిద్దాం. పాకొకటి ఏస్తే సరి. ఆడోళ్ళు యాడన్నా వండుతారు."

అచ్చం వాళ్ళ నాయన గొంతే. పరాయి మనిషి ముందు నేనేనాడూ ఆయనతో నేరుగా మాట్లాడి ఎరగను. ఏదన్నా చెప్పాలంటే గోడకో గొడ్డుకో చెప్పినట్టు చెప్పేదాన్ని. ఈసారి చెంబు కింద పెట్టి, ఆయన మొహంలోకే చూశాను.

"పొయ్యి కదల్దు. పైన గది పడతాది, అది నాకు. కిటికీ కొండల దిక్కు పెట్టియ్యండి. పొగ సంగతంటారా, ఇన్నేండ్లు మింగినదాన్ని, నేను చూసుకుంటా."

ఎర్రయ్య గుంతలోంచి పైకి రావడం మానుకున్నాడు. మా ఆయన కండువా దులిపి భుజాన వేసుకున్నాడు.

"మరి కర్నూలు నుంచి వచ్చే పెద్దమనుషులు యాడ కూచుంటారే?"

"దొడ్లో పాకేయించండి," అన్నాను. "మేం రెండు వానకాలాలు వండినాం. మీరు ఒక్కటన్నా కూచోండి."