పంతొమ్మిది శాతం శ్రద్ధ

నేను ఒక సెకండ్ హ్యాండ్ సెల్‌ఫోన్‌ని. మనుషుల్ని నమ్మను. పుట్టిన ఫ్యాక్టరీలోనే నన్ను ముగ్గురు అనుమానంగా తిప్పి తిప్పి చూసిగాని డబ్బాలో పెట్టలేదు. ఆ బుద్ధే నాకూ అబ్బింది. నా మొదటి యజమాని లారీ డ్రైవరు. కరీంనగర్‌లో బిర్యానీ తింటూ "నిజామాబాద్ దాటిన సేటూ" అని నాలోంచే చెప్పేవాడు. నా అద్దం మూల పగలగానే కోరుట్ల బజారులో అమ్మేశాడు.

అక్కడ నన్ను కొన్నది స్రవంతి. డిగ్రీ చదివి, అత్త నర్సుబాయితో కలిసి బీడీలు చుట్టే కోడలు. ఊళ్లోని ఇంగ్లిష్ మీడియం బడివాళ్లు, ఆన్‌లైన్ ఇంగ్లిష్ కోర్సు సర్టిఫికెట్ తెస్తే టీచరుగా తీసుకుంటామన్నారు. ఒళ్లోని బీడీల చేట దించాలంటే ఆమెకు అదొక్కటే దారి.

రోజూ పదకొండింటికి క్లాసు. నన్ను తంబాకు డబ్బాకు ఆనించి, చేట ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. ఐదు నిమిషాలకోసారి నా ముఖం మీద "మీరు వింటున్నారా?" అని ఒక పచ్చ బటన్ వస్తుంది. తాకితే విన్నట్టు, తాకకపోతే లేనట్టు. ఆ లెక్క కోర్సువాళ్లకు పంపేది నేనే. స్రవంతి ఐదింట ఒకసారి కూడా తాకేది కాదు. మిగతా సేపు నా వైపు చూసేదే కాదు. చూపంతా తునికాకు మీదే, పెదవులు మాత్రం ఏదో గొణిగేవి. ఇదంతా అత్త ముందు వేస్తున్న వేషం అనుకున్నాను. లారీ డ్రైవరును చూసిన కళ్లు కదా నావి!

మూడు నెలలకు లెక్క తేలింది. శ్రద్ధ పంతొమ్మిది శాతం. పాఠం చెప్పే మేడమ్ హైదరాబాద్ నుంచి వీడియో కాల్ చేసి, "నువ్వసలు క్లాసులో ఉన్నావా?" అని నిలదీసింది.

స్రవంతి చేతులు ఆపకుండానే మొదటి పాఠం నుంచి ఇంగ్లిష్‌లో గడగడా చెప్పుకుపోయింది. మేడమ్‌కూ నా అనుమానపు జబ్బే ఉంది.

"ఎదురుగా ఏం పెట్టుకుని చదువుతున్నావు? ఫోన్ తిప్పి చూపించు."

తిప్పింది. వట్టి గోడ, ఆకు కట్టలు, తంబాకు అంటిన వేళ్లు.

"దినాం వెయ్యి బీడీలు చెయ్యాలె మేడం. చెయ్యి ఆపితె ఒడువయి. చెవులు ఖాళీగనే ఉంటయి గదా."

"నీ ఇంగ్లిష్ బాగుందమ్మా. కానీ శ్రద్ధ నలభై శాతం దాటకపోతే సర్టిఫికెట్ రాదు. కంప్యూటర్ లెక్క నా చేతిలో లేదు. మళ్లీ చేరు" అంది మేడమ్.

స్రవంతి చేట పక్కన పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది. నాకు సిగ్గేసింది. ఆ పంతొమ్మిది పంపింది నేనే.

బడివాళ్లు ఇంకో మూడు నెలలు ఆగుతామన్నారు. స్రవంతి మళ్లీ చేరింది. మొదటి రోజు పచ్చ బటన్ రాగానే నర్సుబాయి నన్ను ఎగాదిగా చూసింది.

"గీ పచ్చది ముట్టుకుంటె అయిపాయెనా బిడ్డా? గింతదానికి నీ చెయ్యెందుకు ఆపుడు? నేను ముట్టుకుంట తియ్."

ఇంగ్లిష్‌లో ఒక్క అక్షరం రాని ఆమె, పచ్చ బటన్ కోసం రోజూ నన్ను కనిపెట్టుకుని కూర్చుంది. ఈసారి శ్రద్ధ తొంభై ఆరు శాతం. సర్టిఫికెట్ వచ్చింది, ఉద్యోగమూ వచ్చింది. మేడమ్ శుభాకాంక్షలు పంపింది.

నలభై ఏళ్లు బీడీలు చుట్టి అరిగిపోయిన నర్సుబాయి వేలిని రేషన్ దుకాణంలో వేలిముద్రల మిషన్ గుర్తుపట్టదు. ఆమె ఆమె కాదంటూ నెలనెలా తిప్పి పంపుతుంది. అదే వేలిని నేను మూడు నెలలపాటు, క్లాసులో అందరికన్నా శ్రద్ధగల విద్యార్థినిగా రాసి పంపాను.