ఉప్పు అంగట్లో సముద్రం

రాయచూరు బజారులో ఉప్పు అంగడి తెరవగానే జయరామయ్య చేసే మొదటి పని, కింది గదిలోకి తొంగిచూసి సముద్రం ఎంతవరకు వచ్చిందో చూడటం. తీరం రెండు వందల మైళ్ల అవతల ఉంది. అయినా ఆయన తాత కాలం నుంచి ఆ గదిలో రోజూ రెండుసార్లు పోటు వచ్చి పోతుంది. ఉప్పు సముద్రం బిడ్డే కదా, బిడ్డ ఎక్కడుంటే తల్లి అక్కడికి రాదా అని, బస్తాలన్నీ పైన పేర్చి కింది గదిని దానికే వదిలేశారు. కాలికి దెబ్బ తగిలినవాళ్లు వచ్చి ఓ గడియ ముంచుకుని పోయేవారు. ఉప్పునీళ్లను మించిన మందు ఉందా?

కోడలు వసంతలక్ష్మికి మాత్రం రెండేళ్లుగా గుబులు. కింది మెట్టు దాటని నీళ్లు మూడో మెట్టెక్కాయి. ఎప్పుడూ చల్లగా ఉండేవి గోరువెచ్చనయ్యాయి. పోయిన నెల హమాలీ తాయప్ప గీరుకుపోయిన పిక్కతో దిగి, మూడో రోజుకల్లా మోకాలి దాకా కాలు పోగొట్టుకున్నాడు. సముద్రం వేడెక్కితే అందులో క్రిములు పెరుగుతాయనీ, పుండులోంచి ఒంట్లోకి పోతాయనీ డాక్టరమ్మ చెప్పింది.

ఆ ఉదయం జయరామయ్య మడమలో మేకు దిగింది. అసలే షుగరు మనిషి.

"మామా, నీళ్లల్ల పెట్టకుండ్రి. దవాఖానకు పోదాం పాండ్రి."

"గిదేమన్న కొత్తనా? మా తాత పుండు మాన్పినయి గీ నీళ్లే. తాయప్పది వాని నసీబు," అంటూ ఆయన గోడ పట్టుకుని దిగాడు.

చెబితే వినని వాణ్ణి చెడంగ చూడాలంటారు. కానీ తల్లిలేని తనను కన్నకూతురిలా చూసుకున్న మనిషిని ఆమె అలా ఎలా చూస్తుంది? వెనకే పరుగెత్తింది.

ఆయన మూడో మెట్టు మీద కాలు పెట్టబోతే నీళ్లు జారుకున్నాయి. రెండో మెట్టుకు దిగితే అక్కడి నుంచీ తప్పుకున్నాయి. నిండు పోటు వేళ సముద్రం వెనక్కి వెనక్కి పోయి, అవతలి గోడ మీద నిట్టనిలువుగా లేచి, కప్పు దాకా నిలబడింది. అందులో చిన్న చేపలు తిరుగుతున్నాయి. ఒక్క బొట్టు కూడా ఆయన మీద పడలేదు.  వసంతలక్ష్మి తెలియకుండానే చేతులు జోడించింది.

తడి నేల మీద జయరామయ్య పిల్లాడిలా ఏడ్చాడు. "డెబ్బై ఏండ్ల దోస్తానా. నా మీద ఎందుకు అలిగింది, లక్ష్మీ?"

"అలగలే మామా. తాయప్ప కాలు తిన్న సంగతి దానికి ఎర్కే. నీ కాలు గూడ తినాల్నా?"

 ఆయన కోడలి భుజం పట్టుకుని మెట్లెక్కాడు. ఆయన పైకి చేరాకే నీళ్లు మెల్లగా కిందికి వాలాయి.

దవాఖానలో పుండు కడిగి, కాలికి భయం లేదన్నారు. వారం తిరిగేసరికి జయరామయ్య తన కాళ్ల మీద నడిచొచ్చి, ఆ గది తలుపుకు అడ్డంగా కుర్చీ వేసుకున్నాడు. దెబ్బ తగిలిన కాలితో ఎవరొచ్చినా గొంతు తగ్గించి చెబుతాడు:

"దానికి పానం బాగలేదు. జ్వరముంది. తాకకుండ్రి."